బుజ్జీ, పదకొండో ఫొటో గురించి

బుజ్జీ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది, నువ్వు మాదాపూర్‌లో పులికాట్ సరస్సు ఫొటోలతో ఎగ్జిబిషన్ పెడుతున్నావంట, "అన్నీ తెల్లకాగితాల్లా ఉన్నాయన్నయ్యా, ఎవరు చూస్తారు" అని ఒకటే గోల. నువ్వు పంపిన పీడీఎఫ్ చూశా. నీళ్లూ ఆకాశం కలిసిపోయి మధ్యలో మూడు వలకర్రలు, అంతే. రాత్రి నిద్రలేచి మళ్లీ చూశా, అది మాత్రం మీ అమ్మకి చెప్పకు.

ఫ్రేములకి మెరిసే గ్లాసు వేయించకు, చూసేవాడి మొహమే కనిపిస్తుంది. నలభై ఫొటోలు వద్దు, పద్దెనిమిది చాలు. ఆరడుగుల ప్రింట్లేంటే? మైకేల్ కెన్నా అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ జపాన్‌లోని హొక్కైడో మంచుని ఎనిమిది అంగుళాల చదరంలో వేస్తాడు, జనమే దగ్గరికొచ్చి చూస్తారు.

ఇక అసలు సంగతి. 1986లో నెల్లూరులో ఒక స్కూలు హాల్లో నేనూ పెట్టా. ఎండాకాలం ఎండిపోయిన పులికాట్, పైనంతా ఆకాశం. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు దానిముందు చాలాసేపు నిలబడి "ఆ ఒక్క పక్షి లేకపోతే ఇది ఫొటోనే కాదయ్యా" అన్నాడు. అది పక్షి కాదే. నా యాషికా కెమెరాలో ఫిల్మ్ మార్చేటప్పుడు పడ్డ నలుసు. ఫిల్మ్ మీద నలుసుంటే అక్కడ వెలుగు తగలదు, ప్రింట్‌లో నల్లచుక్క వస్తుంది, బ్లేడు మొనతో గీకేద్దాంలే అని బద్ధకించా. ఆయనతో ఏమన్నానో తెలుసా, "అవున్సార్, రెండు గంటలు కాచుకున్నా" అన్నా. నూటయాభై ఇచ్చి కొనుక్కున్నాడు. తర్వాత వాళ్లింట్లో పెళ్లి ఫొటోలకి వెళ్తే హాల్లో తగిలించుంది, మనవణ్ణి ఎత్తుకుని "చూడు, కొంగ" అని చూపిస్తున్నాడు. కాఫీ తాగి వచ్చేశా. ఆయనా పోయాడు, చెప్పనే లేదు.

డిజిటల్ కదా అనుకోకు, షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచే లాంగ్ ఎక్స్‌పోజర్ కోసం నువ్వు లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్16 పెడతావు, సెన్సార్ మీద దుమ్మంతా అప్పుడే బయటపడేది, మామూలు ఫొటోలో అయితే కొమ్మల్లో కలిసిపోతుంది, నీ ఖాళీ ఆకాశంలో దానికి దాక్కోడానికి చోటెక్కడ? ప్రతిదీ వంద శాతం జూమ్ చేసి మూల నుంచి మూలకి చూడు.

ఇంకోటి, తెల్లారుజామున అటకానితిప్ప దగ్గర ఒక్కదానివే బురదలోకి దిగుతున్నావంట. బుద్ధుందా? పైకి గట్టినేలలా ఉంటుంది, మోకాలిదాకా లాగేస్తుంది, నన్ను లాగింది కాబట్టే చెప్తున్నా. ఎవరైనా జాలరిని తోడు తీసుకెళ్లు, డబ్బులు నేనిస్తా. ఓపెనింగ్‌కి ముందురోజే వస్తా, తగిలించడానికి మేకులు, సుత్తి నావే తెస్తా.

పదకొండో ఫొటోలో కుడిపక్క పైన ఒక చుక్కుంది. కొంగేనా? నిజం చెప్పు.

మీ మావయ్య