మైకు సెట్టు అన్న మాటకే భయమా?

కందుకూరు నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. సెలవుల్లో ఊళ్లోని సౌండు సర్వీసువాళ్ల వెంట తిరునాళ్లకు వెళ్తాడు. 2025 జనవరిలో అహ్మదాబాద్‌లో జరిగిన బ్రిటన్ బ్యాండు కోల్డ్‌ప్లే కచేరీని ఫోనులో చూసినప్పటి నుంచి అలాంటి టూర్ల వెనక పనిచేస్తానంటున్నాడట. హైదరాబాదులో ఈవెంట్ మేనేజ్‌మెంట్ కోర్సుకు నాలుగు లక్షలు కావాలట. తండ్రేమో ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమంటున్నారు. ఏది మేలో పోల్చి చెప్పమని అడిగి, చివర్లో ఇలా రాశారు: "బంధువులు అడిగితే మావాడు మైకు సెట్టు పెడతాడని చెప్పాలా?"

అయ్యా, మీ అసలు ప్రశ్న ఈ చివరిదే. నిన్న ఫొటోగ్రఫీ, మొన్న వంట. నాకు వచ్చే ఉత్తరాల్లో పని పేరు మారుతుంది, బంధువులు మాత్రం వాళ్లే.

ముందు కోర్సు సంగతి. నాకు దాని మీద నమ్మకం తక్కువ. రంగుల కరపత్రంలో వేదిక ముందు చెవిలో వైరు పెట్టుకున్న కుర్రాడు కనిపిస్తాడు, జనరేటరు పక్కన బురదలో కేబుళ్లు చుట్టేవాడు కనిపించడు. పని ఉండేది అక్కడే. 2009 నుంచి 2011 దాకా సాగిన ఐర్లండ్ రాక్ బ్యాండు యూటూ టూరులో వేదిక ఉక్కు కట్టడం ఎంత పెద్దదంటే అలాంటివి మూడు చేయించారు. ఒక ఊళ్లో పాట సాగుతుంటే మరో ఊళ్లో బిగింపు నడిచేది. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూరు 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా 149 కచేరీలు. అంతకాలం వెంట తిరిగేవాళ్లు ఇంట్లో పెళ్లికి, చావుకు అందుతారా? మన దేశంలో చాలామందికి కచేరీ లెక్కనే డబ్బు, వానల నెలల్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం. అబ్బాయికి ఇవి చెప్పండి. చెవుల సంగతి కూడా చెప్పండి. పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు, 100 అయితే 15 నిమిషాలే.

మరి వద్దంటున్నానా? లేదు. మీరే రాశారు, తిరునాళ్లలో వెనక స్పీకర్ల శబ్దం ముందువాటితో కలవడం లేదని వాడు గొడవ పడ్డాడని. అది తగువులమారితనం అనుకున్నారు మీరు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. వంద మీటర్ల దూరానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. వైరులో కరెంటు మాత్రం ఆ క్షణమే చేరుతుంది. అందుకే పెద్ద మైదానాల్లో వెనక స్తంభాల స్పీకర్లను ఆ మేరకు ఆలస్యం చేసి మోగిస్తారు. ఎవరూ నేర్పకుండా వాడి చెవి దాన్ని పట్టుకుంది. మీరేమో ఆ యజమానికి ఫోను చేసి, మా అబ్బాయిని పనికి పిలవొద్దని చెప్పారు. తప్పు చేశారు. మళ్లీ ఫోను చేసి సరిదిద్దుకోండి.

పోలిక అడిగారు కదా. ఈసెట్ రాయనివ్వండి, నష్టం లేదు. నాలుగు లక్షలు మాత్రం తీయకండి. మూడు ఫేజుల మీద లోడు సమంగా పంచడం, తడి నేలలో ఎర్తింగు చూడటం వచ్చినవాడు ఏ కచేరీకైనా కావాలి, అది వాడి డిప్లొమాలోనే ఉంది. చెన్నై తరమణిలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడియోగ్రఫీ, అంటే శబ్దగ్రహణం, డిగ్రీ కూడా ఉంది. అది సినిమా చదువే, కానీ చెవికి పనికొస్తుంది. పరీక్షలయ్యాక ఒక సీజను మొత్తం చెన్నైలోనో హైదరాబాదులోనో పెద్ద సౌండు కంపెనీలో సహాయకుడిగా పంపండి. మోజు మాత్రమే అయితే పది రాత్రుల్లో తెలిసిపోతుంది.

ఈలోగా దగ్గర్లో పాటకచేరీ ఉంటే మీరూ వెళ్లండి. ముందు కుర్చీల్లో కాదు. జనం వెళ్లిపోయాక, రాత్రి రెండింటికి వేదిక వెనక్కి వెళ్లి మీవాడు సామాను లారీకి ఎలా ఎక్కిస్తాడో చూడండి. వెళ్తూ ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లండి, అక్కడ ఆ వేళకు దొరకదు.