మూడంటే అక్కడ తలుపు వేసేసుకోవడమే

గాలీ నీరూ: పాఠకుల ప్రశ్నలు
(సరుకు ఓడల్లో పాతికేళ్ళు పనిచేసి, ఇప్పుడు విశాఖ మహారాణిపేటలో స్థిరపడ్డ నావికుడి జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళయి మారిషస్ వెళ్ళింది. క్యూర్‌పిప్ అనే ఊళ్ళో ఉంటున్నారు. మొన్నటి సీజన్లో తుపాను వస్తోందని తెలిసి ఫోన్ చేస్తే "క్లాస్ టూ ఇచ్చారమ్మా, సామాన్లు కొనడానికి బయటికొచ్చాం" అంది. తుపాను పెట్టుకుని షాపింగేమిటని కేకలేశాను. మర్నాడు "క్లాస్ త్రీ" అంది. మూడే కదా, ఇక్కడ మూడో నంబరు ఎన్నిసార్లు చూడలేదని నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారి చేస్తే ఫోన్ కలవలేదు. సాయంత్రం దాకా నా టెన్షన్ చెప్పుకోలేను. ఆ నంబర్లేమిటి? నేను ఎప్పుడు కంగారు పడాలి?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: చెల్లెమ్మా, కేకలేసిన రోజు మీ అమ్మాయి చేసిందే సరైన పని. మీరు నిశ్చింతగా పడుకున్న రాత్రే అసలు గాలి. ఇందులో మీ తప్పేం లేదు. విశాఖలో పెరిగిన ఎవరికైనా మూడంటే చిన్న నంబరే.

మన పోర్టు హెచ్చరికలు ఓడల కోసం పుట్టినవి. 1, 2 అంటే ఎక్కడో దూరాన సముద్రంలో తయారైంది. 3, 4 అంటే రేవుకి గాలి తగలొచ్చు, జాగ్రత్త. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 పెను ప్రమాదం. చాలామంది 8 కంటే 10 పెద్దదనుకుంటారు. మూడింటి తీవ్రతా ఒకటే. తుపాను రేవుకి ఏ పక్కనుంచి తీరం దాటుతుందో చెప్పడానికే మూడు నంబర్లు పెట్టారు. 10 అంటే రేవు మీదుగా, లేదా బాగా దగ్గర్నుంచి దాటుతుందని. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి మన రేవులో 10 ఎగరేశారు. ఆ తుపాను సరిగ్గా మన నెత్తి మీదుగానే పోయింది.

మారిషస్‌లో ఉన్నవి నాలుగే క్లాసులు. వాటిని గడియారం చూసినట్టు చూడాలి. గంటకి 120 కిలోమీటర్ల గాలి విసురు దీవిని తాకడానికి ఇంకా ఎంత టైముందో అవి చెప్తాయి. క్లాస్ 1 అంటే 36 నుంచి 48 గంటలు. క్లాస్ 2 అంటే, వీలైనంత వరకు, 12 గంటల పగటి వెలుతురు మిగిలుండేలా ఇస్తారు. క్లాస్ 3 ఆరు గంటల వెలుతురు మిగిలుండేలా. 120 విసురు నిజంగా నమోదై, ఇంకా కొనసాగుతుందనుకుంటే క్లాస్ 4.

"పగటి వెలుతురు" అన్న ఆ మాట నాకెంతో ఇష్టం. కిటికీకి చెక్క కొట్టాలన్నా, డాబా మీద వస్తువులు దించాలన్నా, ముసలివాళ్ళని చుట్టాలింటికి చేర్చాలన్నా చీకట్లో కుదరదు. అర్ధరాత్రి గాలి వస్తుందంటే హెచ్చరిక పొద్దున్నే వచ్చెయ్యాలి. ఆ పద్ధతి పెట్టినవాళ్ళు ఇంట్లో మనిషి చేతులకి ఎంత పనుంటుందో తెలిసినవాళ్ళు.

ఒక క్లాస్ 2 రోజున నేను మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ రేవులో ఉన్నాను. ఓడలన్నీ బయటికి పొమ్మన్నారు. తుపాను వస్తుంటే సముద్రంలోకి వెళ్ళడమేమిటని మా కుర్రాడొకడు ఏడుపు మొహం పెట్టాడు. రేవులో కట్టేసి ఉంచితే గాలికి ఓడ గట్టుకేసి కొట్టుకుని పగులుతుంది, బయటైతే తప్పుకోడానికి చోటుంటుంది. బయల్దేరేముందు రొట్టెలకని ఊళ్ళోకి వెళ్ళాను. దుకాణం ముందు బారు. ఒకాయన రెండు కొవ్వొత్తుల కట్టలు, మేకుల పొట్లం, చేపల డబ్బాలు సంచిలో సర్దుకుంటున్నాడు. పక్కనే ఆయన మనవరాలు బకెట్ నెత్తిన బోర్లించుకుని ఆడుకుంటోంది. ఎవరి మొహంలోనూ గాభరా లేదు. ఇంకా టైముందని వాళ్ళకి తెలుసు. మీ అమ్మాయి వెళ్ళిందీ అలాంటి బారులోకే.

క్లాస్ 3 వచ్చిందంటే మాత్రం దుకాణాలు మూతపడతాయి, బస్సులు ఆగిపోతాయి, ఎవరింట్లో వాళ్ళు తలుపు వేసుకుంటారు. బులెటిన్ గంటగంటకీ వస్తుంది. అందుకని మీరు మాట్లాడాల్సిందంతా క్లాస్ 2 రోజునే మాట్లాడెయ్యండి. వాళ్ళ టైము మనకంటే గంటన్నర వెనక. క్లాస్ 3 తర్వాత మాటిమాటికీ ఫోన్ చేసి ఆ పిల్ల ఛార్జింగ్ ఖర్చు చెయ్యకండి. ఒక్క మెసేజ్ చాలు. ఫోన్ కలవకపోతే టవర్ పోయిందనుకోండి. హుద్‌హుద్ రోజు గుర్తు తెచ్చుకోండి, మన ఫోన్లు మూగబోతే దూరాన ఉన్న పిల్లలు ఎంత అల్లాడారో. మనం మాత్రం ఇక్కడ కొవ్వొత్తి పెట్టుకుని ఉప్మా తింటున్నాం.

ఇక ఇల్లు. 1960 ఫిబ్రవరిలో కేరోల్ అనే తుపాను ఆ దీవిలో రేకుల ఇళ్ళనీ చెక్క ఇళ్ళనీ వేలకొద్దీ నేలమట్టం చేసింది. ఆ దెబ్బతోనే అక్కడివాళ్ళు కాంక్రీటుకి మారారు. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ వచ్చినప్పుడు గాలి విసురు గంటకి 280 కిలోమీటర్లు నమోదైంది. మీ అమ్మాయి ఉన్నది కాంక్రీటు ఇల్లే అయితే గోడల గురించి దిగులొద్దు. అద్దాల కిటికీలకి బయటి తలుపులున్నాయో లేదో అడగండి. లేకపోతే కిటికీ లేని గది ఏదో ముందే చూసుకోమనండి. క్యూర్‌పిప్ దీవి మధ్యలో 500 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది కాబట్టి ఉప్పెన భయం లేదు. వానే ఎక్కువ.

వాన అన్నాను కాబట్టి అసలు హెచ్చరిక ఇదీ. క్లాస్ నంబరు చెప్పేది గాలి గురించే, నీటి గురించి కాదు. 2024 జనవరి 15న బెలాల్ తుపాను రియూనియన్ దీవి మీదుగా పోయింది, మారిషస్‌కి పక్కనుంచే వెళ్ళినట్టు. అయినా పోర్ట్ లూయిస్ వీధుల్లో వరదకి కార్లు కొట్టుకుపోయాయి. 2013 మార్చి 30న అసలు తుపానే లేదు, కుండపోత వానకే అదే ఊళ్ళో 11 మంది చనిపోయారు. అల్లుడుగారు ఉద్యోగానికి పోర్ట్ లూయిస్ వెళ్ళేవాడైతే ఈ మాట ఆయనకి మీ నోటితో మీరే చెప్పండి. క్లాస్ 1 అని ధీమాగా కారు తీసుకుని దిగువకి వెళ్ళొద్దని, రోడ్డు కింద దారుల్లో దిగొద్దని.

ఇంకొకటి. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తలుపు తియ్యొద్దని చెప్పండి. హుద్‌హుద్ ఆదివారం పొద్దున్నుంచీ ఉత్తరం గాలికి మా వీధి వేపచెట్టు దక్షిణానికి వంగి ఊగుతోంది. మధ్యాహ్నం వేళ ఒక్కసారిగా అంతా నిమ్మళించింది. పక్కింటాయన "అయిపోయిందండీ" అని ఎగిరిపోయిన రేకు ఏరుకోడానికి వీధిలోకి వెళ్ళాడు. నేను డాబా మీంచి గొంతు చించుకుని పిలిచాను. ఆయన లోపలికొచ్చి గడియ పెట్టిన కాసేపటికి సముద్రం వైపునుంచి రెండో గాలి కొట్టింది. పొద్దున దక్షిణానికి వంగిన చెట్టు ఈసారి ఉత్తరానికి కూలి, ఆయన నిలబడ్డ చోటే పడింది. మర్నాడు చూస్తే కొమ్మల మీద మిగిలిన ఆకులన్నీ ఉప్పుగాలికి మాడి, నిప్పులో కాల్చినట్టు ఎర్రగా ఉన్నాయి. మారిషస్‌కి 1892 ఏప్రిల్ 29న ఇదే జరిగింది. కన్ను, అంటే తుపాను నడిమధ్యన గాలి లేని చోటు, దాటాక వచ్చిన రెండో గాలికే పోర్ట్ లూయిస్ ఎక్కువ కూలింది. ఆ ఒక్కరోజు సుమారు 1,200 మంది పోయారు. ఏప్రిల్ నెలాఖరు, ఇక తుపానులు రావనుకునే రోజులు. మే సగం దాటేదాకా మీ అమ్మాయిని కొవ్వొత్తులు అందుబాటులోనే ఉంచుకోమనండి.

ప్రశ్న: మన బంగాళాఖాతం తుపాను కిందికి దిగి మారిషస్ దాకా పోగలదా? అక్కడి తుపాను తిరిగే దిశ వేరంటారు, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: పోలేదు బాబూ. తుపాను సుడి తిరగాలంటే భూమి తిరగడం వల్ల గాలి పక్కకి మళ్ళాలి. భూమధ్యరేఖ దగ్గర ఆ మళ్ళింపు ఉండదు. రేఖకి అటు ఐదు డిగ్రీలు, ఇటు ఐదు డిగ్రీల లోపల తుపాను పుట్టడమే అరుదు, దాటడమన్న ప్రశ్నే లేదు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తరాన, పోర్ట్ లూయిస్ 20.2 డిగ్రీల దక్షిణాన ఉన్నాయి. అద్దంలో బొమ్మ లాంటివి. మన తుపాను గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, అక్కడిది ముల్లు తిరిగినట్టే. ఓడలో మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే: గాలికి ఎదురుగా నిలబడితే మన సముద్రంలో తుపాను కన్ను కుడిచేతి వైపు ఉంటుంది, మారిషస్ సముద్రంలో ఎడమచేతి వైపు. రేఖ దాటిన ప్రతిసారీ మా పెద్ద ఆఫీసరు కుర్రాళ్ళని డెక్ మీద నిలబెట్టి ఏ చెయ్యో చూపించమనేవాడు. పొరబడితే ఓడని నేరుగా కన్నులోకే తోలతాం.

పేర్లు కూడా వేరే. మనకి ఈ చుట్టుపక్కల దేశాలు ఇచ్చిన పేర్ల జాబితాలోంచి ఢిల్లీలోని వాతావరణ శాఖ పేరు పెడుతుంది. హుద్‌హుద్ అన్నది ఒమన్ ఇచ్చిన పేరు, ఒక పిట్ట పేరు. అక్కడ 55 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమరన బలపడితే మడగాస్కర్, తూర్పున బలపడితే మారిషస్ పేరు పెడతాయి.

ప్రశ్న: మారిషస్‌లో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారట. ఎందుకు?
– పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: చెరుకుతోటల్లో కూలికి మనవాళ్ళని తీసుకెళ్ళిన ఓడల్లో కొన్ని గోదావరి మొగలోని కోరంగి రేవు నుంచి బయల్దేరాయి. ఓడెక్కిన ఊరి పేరే మనుషుల పేరైంది. ఆ కోరంగినే 1839 నవంబరులో ఉప్పెన ముంచేసింది. మళ్ళీ ఆ రేవు పూర్వంలా లేవలేదు. అటు వెళ్ళినవాళ్ళ మునిమనవలకి ఇప్పుడు ఉగాది ప్రభుత్వ సెలవు. సరిగ్గా చెరుకు ఏపుగా ఎదిగి, తుపానుల సీజన్ ఇంకా నడుస్తూ ఉండే రోజుల్లో వస్తుందది.