మాస్కో ఆలోచనకు ముందు: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. నాలుగేళ్లుగా హైదరాబాదులో పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుంటూ లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో ఐదో గ్రేడు పూర్తి చేశాడు. రష్యన్ వయొలినిస్టు వ్లదీమిర్ స్పివకోవ్ కచేరీల వీడియోలు చూసి, ఆయనలాగే వయొలిన్ విద్వాంసుడై ఆ తరువాత కండక్టర్ (వాద్యబృందం ముందు నిలబడి దాన్ని నడిపించేవాడు) కావాలంటున్నాడు. ఇంటర్ అయ్యాక మాస్కోకు పంపడం మేలా, ఇక్కడే బీటెక్ చేయిస్తూ సంగీతం సాగించడం మేలా? ఇప్పటికే ఆలస్యమైందేమోనని భయంగా ఉంది.

జవాబు: క్రికెట్ గురించీ చదరంగం గురించీ ఇదే ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. ఇప్పుడు వద్దంటే రేపు బిడ్డ నిందిస్తాడేమో, సరేనంటే రేపు బతుకుతెరువుకు ఇబ్బంది పడతాడేమో అన్నదే వాటన్నింటి అడుగున ఉండే భయం. కాబట్టి మొదట మీ అబ్బాయి చూపిస్తున్న ఆ జీవితాన్నే వీడియోల వెలుగు తీసేసి చూద్దాం.

స్పివకోవ్ 1944లో రష్యాలోని ఊఫా నగరంలో పుట్టారు. ఆయన తల్లి పియానో విద్వాంసురాలు. లెనిన్‌గ్రాద్‌లో పసివయసులోనే వయొలిన్ పట్టిన ఆయన, తరువాత మాస్కో కన్సర్వేటరీ అనే ఉన్నత సంగీత విద్యాలయంలో యూరి యాంకెలెవిచ్ అనే గొప్ప గురువు వద్ద తయారయ్యారు. అంతటి శిక్షణ తరువాత కూడా 1965లో పారిస్ పోటీలో మూడో బహుమతి, 1967లో జెనోవాలోని పగనీని పోటీలో రెండోది వచ్చాయి. 1969లో మాంట్రియల్‌లో మొదటి బహుమతి దక్కినా, మరుసటి ఏడాది మాస్కోలోని చైకోవ్‌స్కీ పోటీలో గిడాన్ క్రెమెర్ అనే వయొలినిస్టు మొదట నిలవగా ఈయనకు మళ్లీ రెండో బహుమతే వచ్చింది. ‘మాస్కో వర్చువోజీ’ అనే వాద్యబృందాన్ని ఆయన స్థాపించింది 1979లో, అంటే ముప్పై అయిదేళ్ల వయసులో. అప్పటికి పేరున్న సోలో (ఒంటరిగా ప్రధాన వాద్యం వాయించే) విద్వాంసుడై ఉండి కూడా, కండక్టింగ్‌ను వేరొక విద్యగా గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. పిల్లవాణ్ణి పోషించే పాఠశాల, జీతమిచ్చే సంస్థ, విదేశీ కచేరీలు కుదిర్చే కార్యాలయం అన్నీ ప్రభుత్వానివే అయిన సోవియట్ వ్యవస్థ వెనుక ఉండటం వల్ల ఆ దారి సాధ్యమైంది. ఆ వ్యవస్థ కూలుతున్న 1990లో అంత పేరున్న బృందం కూడా కుటుంబాలతో సహా స్పెయిన్‌లోని ఆస్తూరియాస్‌కు తరలివెళ్లింది. ఆ దారి ఇప్పుడు రష్యన్ పిల్లలకే యథాతథంగా లేదు, మీ అబ్బాయికి ఎక్కడ దొరుకుతుంది?

కండక్టర్ కావాలన్న కోరిక మీద నాకు మరీ సందేహం. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి, రెండో వయొలిన్‌లు కలిపి ముప్పై మంది దాకా కూర్చుంటారు. వారి ముందు నిలబడేది ఒక్కరే. మన దేశం నుంచి 1954లో వియన్నా వెళ్లి పేరున్న కండక్టర్ అయిన జుబిన్ మెహతాను ఉదాహరణగా చెప్పేవారు, ఆయన తండ్రి మెహ్లీ మెహతా వయొలినిస్టు అనీ, బొంబాయిలో ఆర్కెస్ట్రానే నెలకొల్పిన వ్యక్తి అనీ చెప్పడం మరిచిపోతారు. పద్నాలుగేళ్ల పిల్లవాడు కండక్టర్ చేతిలోని ఆ కర్రను లక్ష్యంగా పెట్టుకోవడం కంటే, పదిమందితో కలిసి వాయించడం నేర్చుకోవడం ముఖ్యం.

ఇక మీతో ఒక మాట కటువుగా చెప్పాలి. ఎంబీబీఎస్ సీట్లు ఇప్పించినట్లే కన్సల్టెన్సీ వారు మాస్కో కన్సర్వేటరీ సీటూ ఇప్పిస్తారనుకుంటే పొరపాటు. అక్కడ ప్రవేశానికి జరిగే ఆడిషన్‌లో బాఖ్ సోలో రచనలు, పగనీని రాసిన కష్టమైన ‘కాప్రిస్’లు, ఒక పెద్ద కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి సోలో వాద్యం వాయించే రచన) వంటివి వాయించి మెప్పించాలి. పాఠాలు రష్యన్‌లో ఉంటాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా మీద ఆంక్షలు వచ్చాక డబ్బు పంపడమే ఒక చిక్కు. ఐదో గ్రేడు సర్టిఫికెట్టుకు అక్కడ విలువ లేదు. దాన్ని బంధువులకు చూపించి, ‘మా వాడు మాస్కో వెళతాడు’ అని ఇప్పటికే చెప్పి ఉంటే, పిల్లవాడి భుజాన వయొలిన్‌తో పాటు మీ మాటను కూడా మోపారన్నమాట. వెనక్కి రావాలనిపించినా వాడు రాలేడు. దయచేసి అది ఆపండి.

ఆలస్యమైందా అంటే, సోలో విద్వాంసుడి దారికి కొంత ఆలస్యమైన మాట నిజమే. కానీ ఆర్కెస్ట్రాలో వాయించడానికి, బోధించడానికి, స్వరరచన వైపు మళ్లడానికి పదేళ్ల వయసులో మొదలుపెట్టడం ఆలస్యం కాదు. సినిమా రికార్డింగులను మాత్రం పెద్దగా నమ్ముకోవద్దు. మన నిర్మాతలే తీగవాద్యాల భాగాన్ని బుడాపెస్ట్‌లోనో మాసిడోనియాలోనో రికార్డు చేయించడం ఇప్పుడు మామూలైంది. బీటెక్ చదువుతూ రోజూ రెండు గంటలు సాధన చేసేవాడు సంగీతాన్ని వదిలినట్లు కాదు, మీరు వాడికి అన్యాయం చేసినట్లూ కాదు. నాలుగేళ్లలో అలవడిన చెవి ఎక్కడికీ పోదు.

మాస్కోనా బీటెక్‌నా అన్నది ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. వచ్చే సెలవుల్లో ముంబయి తీసుకెళ్లండి. అక్కడ ఎన్‌సీపీఏ అనే ప్రదర్శన కళల కేంద్రంలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. దాని సంగీత దర్శకుడు మరాత్ బిసెంగలియేవ్ స్వయంగా మాస్కోలో చదివిన వయొలినిస్టు. అక్కడ ఒక కచేరీ చూపించి, వీలైతే మీ అబ్బాయి వాయిద్యాన్ని మీకు పరిచయం లేని అనుభవజ్ఞుడెవరికైనా వినిపించండి. ఆయన అభిప్రాయం చెప్పేటప్పుడు మీరు గది బయట ఉండండి, పిల్లవాడే విని వచ్చి మీకు చెప్పనివ్వండి.