బీడు నేలలో ఇంధన గడ్డి: అప్పు తెచ్చి వేయొచ్చా?

ప్రశ్న: మా పొలంలో 8 ఎకరాలు రాళ్ల నేల. ఏ పంట వేసినా విత్తనాల ఖర్చు కూడా తిరిగి రావడం లేదు. జీవ ఇంధనం తయారుచేసే ఒక సంస్థ వాళ్లు వచ్చి, మిస్కాంథస్ గడ్డి ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చని, పదేళ్లపాటు తామే కొంటామని చెబుతున్నారు. నాటే ఖర్చు మాత్రం మాదే. పొదుపులోంచి సగం తీసి, మిగతా సగం అప్పు తెచ్చి మొత్తం 8 ఎకరాల్లో వేద్దామనుకుంటున్నాను. నా వయసు 46. పెద్దమ్మాయి నాలుగేళ్లలో కాలేజీకి వెళ్తుంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: అప్పు తెచ్చి 8 ఎకరాల్లో వేయడమంటే వద్దండి. సొంత డబ్బుతో రెండెకరాల్లో అంటే ఆలోచించొచ్చు, అదీ ఒప్పందంలో కొన్ని షరతులు రాయించుకున్నాకే.

గడ్డి గురించి వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. మిస్కాంథస్ నాటితే 15 నుంచి 20 ఏళ్లు నిలుస్తుంది. ఏటా దున్నే పని లేదు. ఆకు పూర్తిగా ఎండాక కోస్తారు. అప్పటికి పోషకాలు చాలావరకు తిరిగి దుంపలోకి దిగిపోతాయి కాబట్టి ఎరువుల ఖర్చూ తక్కువే. చిక్కల్లా మొదట్లోనే. ఎక్కువగా సాగయ్యే రకం సంకర జాతి, దానికి మొలకెత్తే విత్తనం పట్టదు. దుంప ముక్కలే నాటాలి, హెక్టారుకు 15,000 నుంచి 20,000 దాకా. తొలి ఏడాది కలుపు మీద కన్నేసి ఉంచాలి, కోతకు మాత్రం ఏమీ ఉండదు. రెండో ఏడాది కొంత వస్తుంది. నిండు దిగుబడి మూడో ఏడాది నుంచి, పేద నేలల్లో ఇంకా ఆలస్యంగానూ రావచ్చు.

దీన్ని డబ్బులోకి మారుద్దాం. అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే, మీ అసలు ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. నాటే ఖర్చు 100 అనుకుందాం. నిండు దిగుబడి ఏడాదిలో అమ్మకం 40. కోత, బేళ్లు కట్టడం, రవాణా కలిపి 15. మిగిలేది 25. రెండో ఏడాది 10 మిగిలిందనుకుంటే, పెట్టిన 100 ఆరో ఏడాదికి గానీ తిరిగి రాదు. పదేళ్లలో చేతికొచ్చేది మొత్తం 210. ఏటా 8 శాతం వడ్డీతో నేటి విలువకు దించితే, అంటే రేపు వచ్చే డబ్బు వడ్డీ పోను ఇవాళ ఎంతకు సమానమో చూస్తే, సుమారు 132. బాగానే ఉంది.

ఇప్పుడు దిగుబడి 30 శాతం తగ్గించి చూడండి. అమ్మకం 28కి పడిపోతుంది. ఖర్చు అంతలా తగ్గదు, 12 దగ్గర ఆగుతుంది. మిగిలేది 16. రెండో ఏడాది 6 వేసుకుంటే పదేళ్లకు 134. పైకి లాభంలాగే కనిపిస్తుంది గానీ, అదే 8 శాతం లెక్కన నేటి విలువ 84. అంటే 100 పెట్టి 84 తెచ్చుకోవడం. సంస్థ ఇచ్చిన కరపత్రంలో ఈ రెండో లెక్క ఉండకపోవచ్చు.

30 శాతం తగ్గడం మరీ చెడ్డ ఊహ అనుకోకండి. స్విచ్‌గ్రాస్ అనే మరో ఇంధన గడ్డిని అమెరికాలో నెబ్రాస్కా, రెండు డకోటా రాష్ట్రాల్లోని 10 పొలాల్లో, అంతంతమాత్రం నేలల్లో వేసి చూశారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల్లో హెక్టారుకు ఏడాదికి 5.2 టన్నుల నుంచి 11.1 టన్నుల దాకా వచ్చింది. రెట్టింపుకు పైగా తేడా! అందుకే మీ పొలంలోనే, అదీ బాగా బీదగా ఉన్న మూలలో, ముందు కొద్దిగా వేసి చూడమంటాను.

దిగుబడి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది కొనేవాళ్ల సంగతి. ధాన్యమైతే ఒకరు కాకపోతే ఇంకొకరు కొంటారు. ఈ గడ్డికి చుట్టుపక్కల ఒక్కటే ఫ్యాక్టరీ ఉంటుంది. బేళ్లు తేలిక, జాగా ఎక్కువ తింటాయి, బరువు పూర్తికాకముందే లారీ నిండిపోతుంది. కాబట్టి దూరం తీసుకెళ్లి అమ్మితే రవాణాకే సరి. ఆ ఒక్క ఫ్యాక్టరీ మూతపడితే? ఇటలీలో క్రెషెంటీనో దగ్గర గడ్డీగాదం నుంచి ఇథనాల్ తీసే పెద్ద కర్మాగారం 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. ఏడాది తర్వాత వేరే యాజమాన్యం కొన్నది, నిజమే. కానీ బ్యాంకు కిస్తీ యాజమాన్యం మారేదాకా ఆగదు కదా. అమెరికాలో హ్యూగోటన్ దగ్గర అలాంటి కర్మాగారమే 2014లో తెరిచారు, దాని యజమాని సంస్థ రెండేళ్లు తిరక్కుండానే దివాలా తీసింది. ప్రభుత్వ సాయాన్నీ శాశ్వతం అనుకోకండి. ఇంగ్లండ్‌లో ఇంధన పంటలు నాటే ఖర్చులో సగం భరించిన పథకం 2013లో ముగిసింది.

ఇక మీ ఇంటి లెక్క. అప్పు తెచ్చిన 100కి 8 శాతం చొప్పున కట్టకుండా వదిలేస్తే, పైరు నిండుగా కోతకు రాకముందే రెండేళ్లలో 116 దాటుతుంది. అమ్మాయి ఫీజు కట్టాల్సిన నాలుగో ఏడాదికి, అంతా సవ్యంగా జరిగినా, మీరు పెట్టిన 100లో 60 మాత్రమే వెనక్కి వచ్చి ఉంటుంది. అందుకని ఆ చదువు డబ్బు, ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టేశాక, ఎనిమిదేళ్లు ముట్టుకోనక్కర్లేనిది ఎంత మిగిలితే అంతవరకే నాటండి. ఆ నేలలో ఇప్పుడు పశువులు మేస్తుంటే, రేపు బయట కొనాల్సిన మేత ఖర్చునూ లెక్కలో కలపండి.

ఒప్పందం చదివేటప్పుడు ముందు తూకం, తేమ దగ్గర ఆగండి. 10 టన్నుల గడ్డిలో 15 శాతం తేమ ఉంటే ఎండు సరుకు 8.5 టన్నులు, 30 శాతం ఉంటే 7 టన్నులే. ధర ఎండు టన్నుకా పచ్చి టన్నుకా, కాటా ఎవరిది, తేమ కొలిచేది పొలంలోనా ఫ్యాక్టరీ గేటు దగ్గరా అన్నది రాతలో ఉండాలి. వాళ్లు తీసుకోవడం ఆలస్యం చేస్తే తడిసిన బేళ్ల నష్టం ఎవరిదో ఉండాలి. ధర ఏటా ఏ లెక్కన మారుతుందో ఉండాలి. సంస్థ మధ్యలో మానుకుంటే పరిహారం, దానికి బ్యాంకు గ్యారంటీ అడగండి. గడ్డి వద్దనుకున్న రోజున దుంపలు తీసి నేల మళ్లీ సాగుకు తేవడానికి ఒక్క దున్నుడు చాలదు, ఆ ఖర్చులో వాళ్ల వాటా ఎంతో కూడా రాయమనండి. గ్యారంటీ ఇవ్వలేమంటే మాత్రం, నాటే ఖర్చులో కనీసం సగం వాళ్లు పెడితేనే ఆ రెండెకరాలకైనా సంతకం చేయండి.