మూడు అలలు చూసి మురిసిపోకు

మల్లేశ్వరం, బెంగళూరు

చిన్నీ,

గెలాక్సీల నడిబొడ్డున ఉండే బ్లాక్ హోల్స్ దగ్గర ఎక్స్ కిరణాలు ఎందుకు పెరుగుతూ తరుగుతూ ఉంటాయో, దాని మీద పీహెచ్‌డీ చేస్తావట. మీ అమ్మ ఫోన్ చేసి, "నీలాగే అవుతుందేమో అక్కా" అంది. మెచ్చుకోలో భయమో తెలియలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. డేటా రెండు చోట్ల దాచుకో. బ్యాక్‌గ్రౌండ్, అంటే నువ్వు చూసే వస్తువుది కాని అదనపు సంకేతం, తీసేయకుండా లైట్ కర్వ్ (కాలంతో వెలుగు ఎలా మారుతుందో చూపే గీత) గీయకు. మన ఎక్స్‌రే ఉపగ్రహం ఆస్ట్రోశాట్ దాదాపు 98 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది, ప్రతి చుట్టులోనూ భూమి అడ్డొస్తుంది. ఆ 98 నిమిషాల చుట్టుపక్కల ఏ పీరియడ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే లయ, కనబడినా ముందు ఉపగ్రహాన్నే అనుమానించు. పీజీలో అన్నం బాగోకపోతే మా ఇంటికి వచ్చెయ్.

ఇక అసలు సంగతి.

1992లో నాకు నీ వయసే. ఎక్సోశాట్ అనే ఎక్స్‌రే ఉపగ్రహం 1986లోనే పోయింది గానీ దాని డేటా మిగిలింది. ఒక్కో చుట్టుకి 90 గంటల పైన పట్టే కక్ష్య దానిది, అందుకే మధ్యలో తెగకుండా చూడగలిగేది. ఒక గెలాక్సీ లైట్ కర్వ్ గీశాను. మూడు అలలు, దువ్వి పెట్టినట్టు! అప్పట్లో అందరి నోటా ఎన్‌జీసీ 6814 అనే గెలాక్సీ మాటే. అందులో 12,000 సెకన్ల పీరియడ్ ఉందన్నారు. నాకూ ఒకటి దొరికిందనుకున్నాను. పావు చార్జీ కోసం రాత్రి దాకా ఆగి, ఎస్టీడీ బూత్ నుంచి తెనాలికి ఫోన్ చేశాను. తెల్లారేసరికి మీ తాతయ్య బజారంతా చెప్పేశాడు.

వారం తర్వాత ల్యాబ్‌లో ఒక సీనియర్ నా బల్ల మీద పది కాగితాలు పరిచాడు. ఒకటి నాది. తొమ్మిది కంప్యూటర్‌తో చేసినవి. ముందటి విలువకి ఎంతో కొంత కలుపుతూ, తీస్తూ పోవడమే, తాగినవాడి నడకలా. "నీ అలలేవి?" అన్నాడు. ధీమాగా వేలు పెట్టాను. అది దొంగ కాగితం.

రెడ్ నాయిస్ అంటే అదే తల్లీ. మెల్లగా జరిగే మార్పులు పెద్దవి, చకచకా జరిగేవి చిన్నవి. కాబట్టి ఏ ముక్క కోసినా రెండు మూడు పెద్ద ఊపులుంటాయి, మన కన్ను వాటిని అలలుగా కుట్టేస్తుంది. 1993లో రోశాట్ అనే ఉపగ్రహం చూసి చెప్పింది, ఆ 12,000 సెకన్ల లయ ఎన్‌జీసీ 6814ది కాదు, పక్కనే కనిపించే మన గెలాక్సీలోని ఒక జంట తారది అని. పెద్దవాళ్లూ పొరబడ్డారని నాకు కాస్త సంతోషమేసింది. సిగ్గులేని సంతోషం.

తాతయ్యకి మాత్రం చెప్పలేకపోయాను. పోయేదాకా వచ్చినవాళ్లందరితో "మా అమ్మాయి కనిపెట్టింది" అంటూనే ఉన్నాడు. నేను లోపల కాఫీ కలుపుతూ ఉండిపోయేదాన్ని.

అలాగని అన్నీ అబద్ధాలు కావు. ఆర్‌ఈ జే1034+396 అనే గెలాక్సీలో 2008లో గంటకోసారి వచ్చే ఊపు దొరికింది. డజనుకి పైగా అలలు, మూడు కాదు! 1హెచ్ 0707-495 అనే ఇంకో గెలాక్సీలో ఒక రకం ఎక్స్ కిరణాలు మరో రకం కంటే 30 సెకన్లు ఆలస్యంగా వస్తాయని పట్టడానికి ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం దాని వైపు 5 లక్షల సెకన్లు చూడాల్సి వచ్చింది. నీకా, ఒక్క రోజు ఆగే ఓపిక లేదు. చిన్నప్పుడు పాలు కాగకముందే మీగడ అడిగేదానివి.

అందుకే ఒక్కటే అడుగుతున్నాను. ఏదైనా కనబడితే, అలాంటి దొంగ లైట్ కర్వ్‌లు వెయ్యి చేసి, నీది వాటిలో ఎక్కడ నిలుస్తుందో చూశాకే మీ అమ్మకి చెప్పు. అంతవరకు మనసాగకపోతే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. నేనెవరికీ చెప్పను.

ఆ పది కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఆదివారం భోజనానికి రా, నీ ముందు పరుస్తాను. నాది ఏదో మాత్రం అడగకు.

పెద్దమ్మ