కనిపెట్టుకోవడానికీ ఒక నోటుబుక్ కావాలి

నాయనా,

వందనాలు. డీఎస్సీ, అదే సర్కారు టీచరు పోస్టుల పరీక్ష, చేజారింది కదా, ఇక దేవుని సమయం కోసం ఓపికగా ఎదురుచూస్తూ కనిపెట్టుకోవాలా, మళ్లీ పరుగెత్తాలా అని అడిగావు. ఆ రెండూ ఒకే మనిషి ఒకే రోజున చేసే పనులే.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు నిదానంగా చదువు. యెరూషలేము గోడ కూలిందన్న కబురు పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యాకు యూదుల కిస్లేవు నెలలో అందింది. రాజు ముందు నోరు తెరిచింది నీసాను నెలలో. అంటే దాదాపు నాలుగు నెలలు. ఉపవాసముండి ప్రార్థించినవాడే, రాజు అడగ్గానే తడుముకోకుండా గడువు చెప్పాడు, ఏ అధికారులకు లేఖలు కావాలో చెప్పాడు, కలప కోసం రాజు అడవి కాపరి ఆసాపుకు ఉత్తరం ఇమ్మన్నాడు. మోకాళ్ల మీద ఉండగానే లెక్కలూ కట్టి ఉంటాడు.

నువ్వూ ఒక నోటుబుక్ కొని పేజీని నిలువుగా రెండు చెయ్యి. కుడివైపు నీ చేతిలో లేనివి రాయి: నోటిఫికేషన్ ఎప్పుడు, పోస్టులెన్ని, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) ఎటు పడుతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత పరీక్ష దాకా వచ్చిన పెద్ద డీఎస్సీ 2025దే, 16,347 పోస్టులు. మధ్యలో ఎదురుచూపు ఎంతో చూడు. ఆ పక్కనున్నవి ప్రార్థనకు. ఎడమవైపు నీ చేతిలోవి. మొదట టెట్, అంటే టీచరు అర్హత పరీక్ష. 150 మార్కుల టెట్‌కు డీఎస్సీ లెక్కలో 20 మార్కుల వెయిటేజీ, కాబట్టి టెట్‌లో 15 పెరిగితే ఇక్కడ 2 కలుస్తాయి. రవంత తేడాలో పోస్టు పోయే చోట 2 మార్కులు తక్కువేం కాదు. డీఎస్సీ రాకపోయినా టెట్ రాసుకోవచ్చు. దాన్ని వదిలేసి "ప్రభువు చిత్తం" అనడం విశ్వాసం కాదు, బద్ధకానికి వేసిన తెల్లచొక్కా.

పెద్ద ఉద్యోగం కోరుకోవడం పాపమా అని కూడా నలుగుతున్నావు. బైబిల్లో యోసేపు ఐగుప్తు చెరసాలలో తనతో ఉన్న రాజుగారి పానదాయకుల అధిపతిని "నన్ను జ్ఞాపకం చేసుకో" అని అడిగాడు. అతను మరిచాడు, మరో రెండు నిండు సంవత్సరాలు గడిచాయి. అడగడం తప్పని దేవుని వాక్యంలో ఎక్కడా లేదు. ఆ చెరసాల పని మాత్రం యోసేపు సరిగ్గానే చేశాడు. నీ ప్రైవేటు స్కూలు ఉద్యోగం కూడా అలాగే ఉంచుకో. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా మానేసి తిరుపతిలో రూము తీసుకుంటే, మూడో నెలకు చదువు మీద కాక అద్దె మీద ధ్యాస పోతుంది.

అసలు జారేది ఎక్కడంటే, చివర్లో. ఇశ్రాయేలు రాజు సౌలు, సమూయేలు ప్రవక్త వచ్చి బలి అర్పిస్తాడని గిల్గాలులో ఏడు రోజులు ఆగాడు. జనం చెదిరిపోతుంటే ఓర్చుకోలేక దహనబలి తానే అర్పించేశాడు, అది ముగియగానే సమూయేలు వచ్చాడు. నీ తోటివాడికి పోస్టింగ్ వచ్చిన వారమే నీకు అలాంటి వారం. "రెండు లక్షలిస్తే పోస్టు ఖాయం" అనేవాడు సరిగ్గా అప్పుడే ఫోను చేస్తాడు. కంప్యూటర్ పరీక్ష మార్కులను వాడు మార్చలేడు, నీ డబ్బూ తిరిగి రాదు.

సంఘంలోనూ రెండు జాగ్రత్తలు. కొత్త సంవత్సరం రాత్రి చేతికొచ్చిన వాగ్దానపు కార్డును, ఆ బైబిలు వచనాన్ని, ఫలితాల షీటులా చదవకు. "ఈ నెలలోపు ఉద్యోగం" అని తల మీద చెయ్యిపెట్టి చెప్పినవాళ్ల మాటను తేదీ వేసి రాసుకో, దాన్ని నమ్మి అప్పు చెయ్యకు. చర్చిలో కీబోర్డు వాయించడం, యూత్ మీటింగులూ వారానికి ఒక్క సాయంత్రానికి కుదించు. పాస్టరుగారు ముఖం చిన్నబుచ్చుకుంటారు, ఫర్వాలేదు.

రోజూ తెల్లవారి అరగంట వాక్యం, ప్రార్థన. స్కూలు అయ్యాక మూడు గంటల చదువు. పరీక్ష వారంలో ఉపవాసం వద్దు, నీరసంతో తెలిసిన జవాబే తప్పు పెడతావు. ఆదివారం ఆరాధన అయ్యాక హాయిగా పడుకో.

మన చిత్తూరు తోటల్లో అంటుమామిడికి తొలి మూడేళ్లు పూత తుంచేస్తారు కదా. నీళ్లు మాత్రం ఆపరు, కంచె కూడా తియ్యరు. నీ ఎదురుచూపూ అలాంటిదే.

ఆరు నెలలకోసారి ఆ నోటుబుక్ పట్టుకుని మీ నాన్నతోనూ, నిన్ను పొగడని ఒక పెద్దమనిషితోనూ కూర్చో. ఎడమవైపు పనులు సగం కూడా చెయ్యకపోతే, కుడివైపు గురించి దేవుణ్ణి అడిగే ముందు అవి ముగించు. అన్నీ చేసినా రెండు డీఎస్సీలు దాటిపోతే వేరే దారి గురించి అప్పుడు ముగ్గురూ మాట్లాడుకోండి. ముందు నీ పాత టెట్ మార్కుల మెమో ఎక్కడుందో వెతుకు.

ఇట్లు,
మీ పెదనాన్న