కోహాలో తెలుగు పుస్తకాల పేర్లు ఎందుకు చెడిపోతున్నాయి?

హనుమకొండ లైబ్రరీ సిబ్బంది కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ పాత ఎక్సెల్ జాబితా ఎక్కిస్తే పేర్లు చెడుతున్నాయని అడిగారు. తప్పు కోహాది కాదు. అను ఫాంట్లలో కొట్టిన జాబితా యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం) కాదు. ఫాంట్ తీసేస్తే అందులో తెలుగే ఉండదు. కన్వర్టర్‌తో మార్చి, వత్తులను మాత్రం కంటితో సరిచూడండి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. పేర్ల చోట ప్రశ్నార్థకాలు వస్తుంటే ఫైలును మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసి ఉంటారు. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి.

తర్వాత మార్క్‌ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేరును 245వ ఫీల్డుకి, రచయితను 100వ ఫీల్డుకి జతచేసి మార్క్ ఫైలుగా, అంటే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు చదివే పుస్తక వివరాల ఫైలుగా మార్చాలి. దాన్ని కోహాలోకి మొదట 20 పుస్తకాలే ఎక్కించండి. తేడా వస్తే ఆ దిగుమతిని రద్దు చేయొచ్చు.

1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వంటి చోట్ల పాత పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) ఉండదు, దానితో వెతికి వివరాలు తెచ్చుకోలేం. వాటిని చేత్తో కొట్టాల్సిందే, కాబట్టి యూనికోడ్ తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు టైపింగ్ సిబ్బందికి ముందే నేర్పండి.